విడాకులు: పంచాయతియా, న్యాయస్థానమా?

షోలాపురములోని మన తెలుగు పేటలలో దాంపత్యములు చెడుట క్రొత్త కాదు. చెడినపుడు ఇరుపక్షముల పెద్దలు కూర్చుండి మాటలాడుటయు క్రొత్త కాదు. కాని కొన్ని యేండ్లుగా ఈ బైఠకులన్నియు ఒక్క తీరుననే ముగియుచున్నవి. ఒక స్టాంపు కాగితము, దానిమీద మరాఠీలో పది పండ్రెండు పంక్తులు, క్రింద ఆలుమగల సంతకములు, ప్రక్కన పంచుల సంతకములు. అంతటితో విడాకులైనవందురు. చాయ త్రాగి లేచిపోవుదురు. ఇరుగుపొరుగు మరాఠీ సోదరులు దీనిని సోడచిఠ్ఠీ అందురు; మనవారు తెగతెంపుల కాగితమందురు. పేరేదైనను అది విడాకులు కాదనియు, దానివలన పెండ్లి ముడి విడిపోదనియు మేము ఈ పత్రికాముఖమున స్పష్టముగా చెప్పదలచినాము. మా ఈడు పెద్దలకు ఇది కటువుగా తోచును. తోచినను చెప్పక తీరదు.

మా దుకాణమునకు వచ్చి, తలుపు ఓరగా వేసి, "కోర్టుకు పోవాల్నా, కూసొని తెంపుకోవాల్నా, మీరే చెప్పున్రి అన్నా" అని అడుగు తల్లిదండ్రులు ఏటేట పెరుగుచున్నారు. ఆ ప్రశ్నలోనే చిక్కున్నది. కోర్టు ఒక త్రోవ, రాజీ వేరొక త్రోవ అని మన పెద్దలు చాలకాలముగా నేర్పినందున పుట్టిన ప్రశ్న అది. రాజీని మేము కాదనము. నూలు వ్యాపారము చేయువారము. వ్యాజ్యమాడి బాగుపడిన దుకాణమును మేము నేటివరకు చూడలేదు. ఇద్దరును కలిసి బ్రదుకజాలమని నిశ్చయించుకొన్న పిదప సొమ్ము సంగతి, బంగారము సంగతి, బిడ్డల సంగతి నెమ్మదిగా మాటలాడి తేల్చుకొనుటకన్న మేలైనది లేదు. కాని అట్లు తేల్చుకొన్నది న్యాయస్థానమునకు పోయి డిక్రీ కావలెను. డిక్రీ కాని రాజీ, బలముగల పక్షము బలములేని పక్షముచేత వ్రాయించుకొన్న రసీదు మాత్రమే. రెండు బేళ్ల నూలు అరువిచ్చునపుడు బిల్లు లేక ఇచ్చువాడు మనలో ఉన్నాడా? ప్రామిసరీ నోటుకు మూడేండ్లే గడువని ఎరిగి, గడువు తీరకముందే తిరుగ వ్రాయించుకొనుటలేదా? ఆడుబిడ్డ బ్రదుకు దగ్గరకు వచ్చునప్పటికి ఈ జాగ్రత్త యంతయు ఎక్కడికి పోవుచున్నది?

మా యెరుకలోని ఒక సంగతి చెప్పుదుము. పేర్లు, పేటలు చెప్పము. సిరిసిల్ల నుండి ఒక పిల్ల కోడలై ఈ ఊరికి వచ్చినది. పదవ తరగతి వరకు తెలుగు బడిలో చదివినది. బడిలో నేర్చిన హిందీ వలన మరాఠీ అక్షరములను కూడబలుకుకొనగలదు. కూరగాయలు బేరమాడునంత మాట నేర్చినది. దస్తావేజుల భాష మాత్రము ఆమెకు తెలియదు. మూడేండ్లు కాపురము చేసినది. ఒక ఆడుపిల్ల పుట్టినది. తరువాత చెడినది; ఎందుకు చెడినదో ఇక్కడ అప్రస్తుతము. పెద్దలు కూర్చున్నారు. మగని పక్షమున ఏడుగురు, ఆమె పక్షమున ముసలి తండ్రి ఒక్కడు. కాగితము ముందే వ్రాయించి తెచ్చినారు. "ఏం రాసిన్రు?" అని పిల్ల అడిగినది. "అంత నీ మంచికే రాసినం బిడ్డా, పెట్టు సంతకం" అని ఒక పెద్ద పలికినాడు. పెట్టినది.

ఆ కాగితమును తరువాత మేము చదివినాము. తన నగలు, సామానులు సమస్తము ముట్టినవనియు, ఒక్కమారుగా 1,50,000 రూపాయలు ముట్టినవనియు, ఇకమీదట తనకు గాని బిడ్డకు గాని భర్తమీద ఏ హక్కును లేదనియు, ఇదంతయు తన సంతోషముతో వ్రాసి ఇచ్చినదనియు అందులో ఉన్నది. ఆనాడు చేతికి వచ్చినది 40,000. తక్కినది నెలనెల ఇచ్చుటకు నోటిమాట. రెండు నెలలు వచ్చినది, మూడవ నెల నుండి లేదు. అడుగబోయిన తండ్రికి ఆ కాగితమునే చూపి, ముట్టినదని మీ పిల్లయే వ్రాసినది కదా అన్నారు. ఏడాది తిరుగకముందే అతడు మన పేటలలోనే మరియొక పిల్లను పెండ్లాడినాడు. కాగితముమీద సంతకము చేసిన పంచులలో ముగ్గురు ఆ పెండ్లిలో అక్షింతలు వేసినారు. ఈ పిల్ల సిరిసిల్లలో బీడీలు చుట్టి బిడ్డను సాకుచున్నది. ఇంతలో ఒక మంచి సంబంధము వచ్చినది. వరుని వారు తెలివిగలవారు. కోర్టు కాగితము చూపుమన్నారు. ఆమె ఏమి చూపగలదు?

మన పెద్దలు ఇచ్చు సమాధానము మాకు తెలియును. కులాచారము మనకున్నది, హిందూ వివాహ చట్టమే దానిని నిలిపినది అందురు. 1955 నాటి ఆ చట్టములో 29వ సెక్షను రెండవ భాగము ఆచారము ననుసరించి పొందిన విడాకులను కాపాడిన మాట నిజము. మన కులములు పెక్కింటిలో తెగతెంపులు, మారుమనువు ఉండినమాటయు నిజము. విడాకులను మాటలోనే ఆకు ఉన్నది. కాని ఆచారమని నోటితో అన్నంత మాత్రమున చట్టము ఒప్పుకొనదు. అది చాలకాలముగా, ఎడతెగక, ఒక్క తీరున నడచినదై ఉండవలెను. యుక్తమునకు, ప్రజాక్షేమమునకు విరుద్ధము కారాదు. అట్టి ఆచారమున్నదని చెప్పుకొనువారే సాక్ష్యముతో ఋజువు చేయవలెను. కర్ణాటకము నుండి వచ్చిన వ్యాజ్యములో 2002లోను, తమిళనాడు నుండి వచ్చిన వ్యాజ్యములోను సుప్రీంకోర్టు ఈ మాటనే చెప్పినది. ఆచారమును వాదించి ఋజువు చేయనిదే విడాకుల పత్రము నిలువదన్నది. మేము సూటిగా అడుగుచున్నాము: ఇంతవరకు తెగతెంపుల కాగితములపై సంతకములు చేసిన పంచులలో ఎందరు రేపు సాక్షి బోనెక్కి, ఫలాని ఏట, ఫలాని ఇంట, ఈ ఆచారము ఇట్లు జరిగినదని ప్రమాణము చేసి చెప్పగలరు? సంతకము చేయునపుడు ఉన్న ధైర్యము సమను వచ్చిననాడు ఉండదని మాకు తెలియును.

ఇది ఢిల్లీలో నిన్న మొన్న పుట్టిన మాటయు కాదు. పెండ్లిని రద్దుచేసి స్త్రీకి మరల పెండ్లాడుటకు అనుమతినిచ్చు అధికారము కులపంచాయతికి కలదని ఒప్పుకొనజాలమని బొంబాయి హైకోర్టు 1876లోనే చెప్పినది. కులము కట్టిన సొమ్ము చెల్లించినచో రెండవవారి సమ్మతి లేకయే వదలివేయవచ్చునను ఆచారము చెల్లదని 1915లో అదే హైకోర్టు చెప్పినది. హిందువుల విడాకులకు బొంబాయిలో 1947లోను, మద్రాసులో 1949లోను ప్రత్యేకముగా చట్టములు వచ్చినవి. ఆ నాటికి మన తాతలు ఈ ఊరి మిల్లులలోను మగ్గములమీదను పనిచేయుచునే యున్నారు. నూటయేబది యేండ్ల నాటి తీర్పు మన బైఠకు గుమ్మము ఇంకను దాటలేదు.

కాగితము చెల్లకపోయిన నష్టమెవ్వరికి? మొదటి భార్యకే అనుకొందురు. కాదు. మొదటి పెండ్లి నిలిచియుండగా చేసికొన్న రెండవ పెండ్లి చట్టము దృష్టిలో పెండ్లియే కాదు. చేసికొన్న పురుషుడు నేరస్థుడగును. పూర్వము శిక్షాస్మృతి 494వ సెక్షను, 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను, ఏడేండ్ల వరకు ఖైదు. రెండవదిగా వచ్చిన పిల్లయు మన బిడ్డయే కదా. ఆమె ఇరువదియేండ్లు కాపురము చేసిన తరువాత భర్త పోయినచో, మిల్లు పింఛనుకు గాని, ప్రభుత్వ నౌకరి పింఛనుకు గాని విధవనని చెప్పుకొను హక్కు ఆమెకు ఉండదు. సిరిసిల్లలోని మొదటి భార్య వచ్చి నిలుచును. పిల్లలను మాత్రము చట్టము కాపాడినది. 16వ సెక్షను వారిని సక్రమ సంతానముగనే ఎంచినది, తండ్రికి పంపకములో వచ్చు భాగములో వారికిని పాలున్నదని 2023లో సుప్రీంకోర్టు చెప్పినది. తల్లికి అట్టి రక్షణ లేదు. పంచులు ఒక్క సంతకముతో ఇద్దరాడువారిని నడివీధిలో నిలిపినారన్నమాట. అక్షింతలు వేసిన చేతులు ఈ సంగతి ఒక్కమారు తలచుకొనవలెను.

ఇక భాష సంగతి. మన సంఘము పుట్టినదే భాష కొరకు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణమును చూపి, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పించుడని ఎన్ని అర్జీలు పెట్టుకొన్నామో సభ్యులెరుగుదురు. దేశమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను ప్రభుత్వమునకు మొరపెట్టుకొనవచ్చునని 350వ అధికరణము చెప్పుచున్నదని మన వార్షిక సభలలో ఉపన్యసింతుము. ఇంత చేసినవారము, మన బైఠకులో, మన కన్నులయెదుట, తెలుగు తప్ప చదివి తెలిసికొనలేని పిల్లచేత ఆమెకు అర్థముకాని భాషలో బ్రదుకు వ్రాయించి పుచ్చుకొనుచున్నాము. ప్రభుత్వము మనకు చేసినచో అన్యాయమని ఎలుగెత్తి అరచెడి పనినే మన ఇంటి కోడలికి మనము చేయుచున్నాము.

మరాఠీమీద మాకు ద్వేషము లేదు. మా తాతలకు కూడు పెట్టిన నేల భాష అది. మా దుకాణపు లెక్కలు ఆ భాషలోనే వ్రాయుదుము. మా పిల్లలు ఆ బడులలోనే చదువుచున్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన మన ఆడుబిడ్డలు ఆ కాగితమును మాకన్న చక్కగా చదువగలరు. కాని తెలంగాణము నుండి కోడండ్రను తెచ్చుకొను ఇండ్లు నేటికిని ఎన్నియో ఉన్నవి. బరంపురమున ఒడియా, మదురలో తమిళము, బళ్లారిలో కన్నడము. ఊరు మారినను కోడలి సంగతి ఒక్కటియే. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 19వ సెక్షను చూడుడు. రిజిస్ట్రారుకు తెలియని భాషలో, ఆ జిల్లాలో వాడుక లేని భాషలో దస్తావేజు వచ్చినచో, దానితో సరియైన అనువాదము లేనిదే ఆయన పుచ్చుకొనరాదు. జీతమునకు ముద్రవేయు ఉద్యోగికి అనువాదము కావలెనట! జన్మమంతయు ఆ కాగితమునకు కట్టుబడవలసిన పిల్లకు అక్కరలేదట!

"కోర్టుకెక్కితె నలుగురిల పరువు పోతది" అను మాట ఒకటి ఉన్నది. పరాయి భాషవారి మధ్య బ్రదుకువారము, మన గుట్టు వారి ముందర పెట్టరాదందురు. ఇంతకన్న తలక్రిందులైన మాట మేము వినలేదు. హిందూ వివాహ చట్టము 22వ సెక్షను ప్రకారము ఈ వ్యాజ్యములు మూసిన తలుపుల వెనుక విచారింపబడవలెను. వాటిని అచ్చువేసి ప్రకటించుట నేరము. మన బైఠకులోనో? ముప్పదిమంది మగవారు, కిటికీల దగ్గర వీధి పిల్లలు, ఆ రాత్రికే పేట పేటంతటను కథ. ఏది గుట్టు, ఏది రట్టు? అంతేకాదు. కోర్టుకు పోయిన ఇంటికి పిలుపులు మానుదమని, వారి పిల్లలకు సంబంధములీయరాదని కొందరు లోలోపల కట్టుబాటు చేయుచున్నారని వినుచున్నాము. సాంఘిక బహిష్కారమును నేరముగా చేయుచు మహారాష్ట్ర శాసనసభ 2016లో చట్టము చేసినది. 2017 నుండి అది అమలులో ఉన్నది. మూడేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా. కట్టుబాటు చేయు పెద్దలు ముందు తమ పరువు సంగతి చూచుకొందురు గాక.

"పదేండ్లు పట్టును" అను మాట మరియొకటి. ఒకరు కావలెనని, ఒకరు వద్దని పోరాడిన వ్యాజ్యము పట్టును, మేము కాదనము. పరస్పర సమ్మతి విడాకులు అట్టివి కావు. 1976లో చేరిన 13-బి సెక్షను ప్రకారము ఏడాదియో అంతకు మించియో వేరుగా ఉన్న ఆలుమగలు కలిసి ఒక అర్జీ పెట్టుకొందురు. ఆరు మాసములు గడచిన పిదప, పదునెనిమిది మాసములు దాటకముందు, ఇద్దరును మరల వచ్చి అదే మాట చెప్పినచో, విచారించి డిక్రీ ఇత్తురు. ఎడబాటు చాలకాలమైనదై, కలియు ఆశ లేదై, భరణము, బిడ్డల సంగతి నిజముగా తేలిపోయినదైనచో ఆ ఆరు మాసములను గూడ న్యాయస్థానము తగ్గింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. ఈ ఆరు మాసములు వట్టి ఆలస్యమని మన పెద్దలు విసుగుకొందురు. ఆలస్యము కాదు, అది ఆలోచించుకొను గడువు. డిక్రీ అగువరకు ఇద్దరిలో ఎవ్వరైనను సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చునని 1991లోనే తీర్పయినది. మన బైఠకులో సంతకము పెట్టించుటకు పట్టునది అరగంట. ఆ అరగంటలో ఏడ్చుచున్న పిల్ల ఏమి ఆలోచించుకొనును?

కోర్టులో రాజీ మాట ఉండదనుకొనుటయు పొరపాటే. కుటుంబ న్యాయస్థానముల చట్టము (1984) మొదట రాజీకి ప్రయత్నింపవలసిన బాధ్యతను న్యాయాధిపతి మీదనే పెట్టినది. అక్కడ మధ్యవర్తులున్నారు, ఆడువారును ఉందురు. ఖర్చు సంగతి అందురా, 1987 నాటి చట్టము క్రింద స్త్రీకి, ఆమె ఆదాయమెంతైనను సరే, ఉచితముగా ప్లీడరును ఇయ్యవలెను. జిల్లా న్యాయ సేవా సంస్థకు ఒక అర్జీ చాలును. మన పేటలలో బీడీ చుట్టు ఆడువారికి ఈ సంగతి ఎవ్వరును చెప్పరు. చెప్పినచో బైఠకుకు ఎవరు వత్తురు?

ఏ రాజీకైనను ఒక మూలమున్నది: ఇద్దరికిని లెక్క తెలిసియుండవలెను. మన పంచాయతిలో లెక్క తెలియదు. మేము వ్యాపారస్థులము గనుక ఒక చమత్కారము చూచుచుందుము. నూలు అరువు కావలసి వచ్చినపుడు మాకు ఎనిమిది మరమగ్గములున్నవని, తువాళ్ల ఆర్డర్లు చేతినిండ ఉన్నవని చెప్పిన మనిషియే, భరణము మాట వచ్చిన బైఠకులో రెండే మగ్గములు, అవియు అన్నగారివి అనును. పంచులు తలయూపుదురు. న్యాయస్థానములో ఇది సాగదు. భరణపు వ్యాజ్యములలో ఇరుపక్షములును తమ రాబడి, ఆస్తి, అప్పు ప్రమాణపత్రముతో చెప్పవలెనని 2020లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. భార్య ఎంతో కొంత సంపాదించుచున్నంత మాత్రమున భరణపు హక్కు పోదని కూడ ఆ తీర్పులోనే ఉన్నది. "బీడీలు చుట్టి సంపాదించుకుంటది గద" అని బైఠకులో పలుకు పెద్దలు ఈ వాక్యమును వ్రాసి పెట్టుకొనవలెను. వేయి బీడీలు చుట్టి వ్రేళ్లు నల్లబడిన పిల్లకు ఆ కూలియే భరణమట! ఒకమారు కొంత మొత్తము పుచ్చుకొని ఇక అడుగనని రాజీపడినను, భార్య తరువాత వేసిన భరణపు దావాకు అది అడ్డుకాదని 2013లో, అదియు కర్ణాటకపు వ్యాజ్యములోనే, సుప్రీంకోర్టు చెప్పినది. బిడ్డకు తండ్రి పెట్టవలసిన కూటిని తల్లి సంతకము మాపలేదు. పుట్టింటివారు పెట్టిన నగలు స్త్రీధనము. అవి అత్తవారి బీరువాలో ఉన్నంత మాత్రమున అత్తవారివి కావని 1985 నుండి తీర్పున్నది.

ఇట్లనుటవలన ప్రతి ఇల్లును మొదట కూర్చుండవలెనని మేము చెప్పుటలేదు. కొట్టిన ఇంటితో కూర్చుండుటెందుకు? 2005 నాటి గృహహింస చట్టమున్నది. మొదట ఆ పిల్లకు నీడ చూపవలెను, బేరము తరువాత. బిడ్డను దాచినచోట, నగలు కుదువపెట్టినచోట, మరియొక పెండ్లి మాటలు నడచుచున్నచోట కాలయాపనము వలన ఎదుటివానికే లాభము. అట్టిచోట మారుమాటలేక న్యాయస్థానమునకు పోవలెను. ఎక్కడికి? ఇది మన కుటుంబములకు మిక్కిలి ముఖ్యమైన సంగతి. 2003లో చట్టము సవరింపబడినది. భార్య తాను ఆనాడు నివసించుచున్న ఊరి న్యాయస్థానములోనే అర్జీ వేయవచ్చును. భరణపు అర్జీయు (ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను) తానున్న జిల్లాలోనే వేసికొనవచ్చును. సిరిసిల్లకు పోయిన కోడలు షోలాపురమునకు రైలెక్కి రానక్కరలేదు. తన మాట అర్థమగు చోటనే చెప్పుకొనవచ్చును. అట్లే ఇక్కడి నుండి వరంగల్లునకో కరీంనగరమునకో ఇచ్చిన మన ఆడుబిడ్డ తిరిగివచ్చినచో షోలాపురముననే వేసికొనవచ్చును. ఆ సిరిసిల్ల పిల్ల తండ్రికి మేము ఈ సంగతియే చెప్పినాము. భరణపు అర్జీ వేసినారు. ఆ స్టాంపు కాగితమును జతపరచినారు. అది వారిమీదనే సాక్ష్యముగా నిలుచునని భర్త పక్షమువారు ఇప్పుడు కలవరపడుచున్నారట.

పిల్ల పక్షముల వారికిని ఒక మాట. ఆలుమగల తగవులో ఆడపడుచును, పెండ్లికాని మరదిని, మంచముపట్టిన మామను కూడ చేర్చి పోలీసు ఫిర్యాదు వ్రాయించి, ఆపైన ఆ ఫిర్యాదును ధరకు పెట్టువారు మనలో లేకపోలేదు. ఫిర్యాదు వ్రాసినంతనే అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2014లో పోలీసులకు హద్దులు పెట్టుటకు ఇట్టివారును కొంత కారణము. నిజముగా దెబ్బలు తిన్న పిల్ల ఫిర్యాదునకు ఇట్టివారి వలన విలువ తగ్గుచున్నది. అట్లు సలహా చెప్పు ప్లీడర్లును కొందరున్నారు. వారిని గూర్చి వ్రాయుట మొదలిడినచో ఈ పుట చాలదు.

పంచాయతి పెద్దలకు పని లేకుండ చేయవలెనని మా యుద్దేశము కాదు. చేయదగిన పని కొండంత ఉన్నది. నగలు తూకము వేయించి జాబితా వ్రాయించుడు. ఇరుపక్షముల రాబడి లెక్కలు అడుగుడు. మగ్గములు ఎన్నియో మాకు తెలియకపోదు. పిల్ల పక్షమున చదువుకొన్న ఆడుమనిషి ఒకతె లేనిదే మాటలు మొదలిడకుడు. ఒప్పుకొన్న సంగతులను తెలుగులో ఒక ప్రతి, మరాఠీలో ఒక ప్రతి వ్రాయించి, పిల్లచేతికిచ్చి, వారము రోజులు ఆమె యొద్దనే ఉంచుడు. ఎవరికి చూపించుకొన్నను చూపించుకొననిండు. సొమ్ము నోటిమాటగా కాక బ్యాంకు ద్వారా, చివరి వాయిదా న్యాయస్థానములో రెండవమారు ఇద్దరును మాట చెప్పు నాటికి ముట్టునట్లు ఏర్పాటు చేయుడు. ఆపైన మీరే వెంటనుండి వారిని న్యాయస్థానమునకు తీసికొనిపొండు. ఇట్లు చేసిన పెద్దను మేము చేతులెత్తి మ్రొక్కుదుము.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవము ముగిసిన తరువాత వచ్చు ఆదివారము సాయంకాలము మన సంఘ సర్వసభ్య సమావేశములో మేము ఒక తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. సంఘ భవనములో ఇకమీదట తెగతెంపుల కాగితములపై సంతకములు జరుగరాదనియు, సంఘ పదవులలోనున్నవారెవ్వరును అట్టి కాగితములకు పంచులుగా సంతకము చేయరాదనియు, రాజీ షరతులు సంతకమునకు ముందు రెండు భాషలలోను వ్రాయబడవలెననియు, తెలుగు అనువాదము ఉచితముగా చేసి ఇచ్చుటకు ఇద్దరు సభ్యులను నియమింపవలెననియు దాని సారాంశము. తీర్మాన పాఠము తెలుగులోను మరాఠీలోను కార్యాలయమున ఉంచబడినది. ఎదిరింపదలచిన పెద్దలు తప్పక రావలెను. ఆడువారిని వెంటబెట్టుకొని రావలెను. ఆ సిరిసిల్ల కాగితమునకు మేము చేయించిన తెలుగు అనువాదమును, ఆ పిల్ల అనుమతితో, పేర్లు తీసివేసి, ఆనాడు సభలో మొదటి నుండి చివర వరకు చదివింతుము.